పర్వాలేదు

పులియంతోపు మూడో సందులో
నాగూరమ్మ మెట్టు మీద కూర్చుని
మోకాలికి నూనె రాసుకుంటోంది.
ముప్ఫై ఏళ్ళు కార్పొరేషన్ చీపురు పట్టిన చేతులు.
నా ఒళ్ళో అట్ట, అట్టకి క్లిప్పు,
క్లిప్పు కింద పదకొండో ప్రశ్న:
"మాత్ర వాడాక నొప్పి తగ్గిందా?"

ఆమె మోకాలి వైపు చూడలేదు, నా మొహం వైపు చూసింది.
ఓట్టేరి నుంచి ఎండలో నడిచొచ్చిన మొహం.
లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది.
నేను తాగేదాకా ఆగి, అప్పుడంది:
"పర్వాలేదు పాపా."

ఫారంలో పర్వాలేదుకి గడి లేదు.
తగ్గింది. తగ్గలేదు. చెప్పలేను.

బస్సులో కాలు తొక్కినవాడితో పర్వాలేదంటాం.
ఉప్పెక్కువైన కూర పెట్టిన చుట్టంతో పర్వాలేదంటాం.
బాకీ తీర్చలేక తల దించుకున్నవాడి
భుజం మీద చెయ్యేసి కూడా అదే అంటాం.
అందులో నొప్పి ఎక్కడుంది, ఎంతుంది?

తగ్గింది గడిలో టిక్కు పెట్టాను.
నన్నెవరూ పెట్టమనలేదు.
ఆమె నీళ్ళిచ్చింది.
మాత్ర గెలిస్తే రెండో విడత ఉంటుందనీ,
నా కాంట్రాక్టు మార్చి దాటుతుందనీ
వేదవల్లి మేడమ్ ఎప్పుడో అన్న మాట కూడా
ఆ టిక్కు తోకలో ఎక్కడో ఉండే ఉంటుంది.
ఎన్ని గ్రాములో తూచలేను.

అసలు ఆ ప్రశ్న నాదే.
ఇంగ్లీషులో అది నిటారుగా నిలబడ్డ ప్రశ్న:
మునుపటితో పోలిస్తే మీ నొప్పి ఇప్పుడెలా ఉంది అని.
పోలిస్తే అని వీధిలో ఎవరంటారని కొట్టేశాను.
మునుపు పోయింది, ఇప్పుడు పోయింది.
మిగిలింది తగ్గిందా.
చివర ఒక్క దీర్ఘం.
ఆ దీర్ఘం తీసేస్తే జవాబు.

కీల్పాక్ ఆఫీసులో ఏసీ కింద
లెక్కల తిరునారాయణన్ అంకెలు చదివాడు.
మందు మింగిన నూట పన్నెండు మందిలో డెబ్బై ఒకరికి తగ్గింది.
ఉత్త సుద్ద మింగిన నూట పన్నెండు మందిలో అరవై నలుగురికి.
"ఏడుగురు," అన్నాడు,
"ఫ్యాన్ వేస్తే ఎగిరిపోతారు."

వేదవల్లి మేడమ్ అబద్ధాలాడే మనిషి కాదు.
ఆవిడ కూడా మెట్లు ఎక్కేప్పుడు కమ్మీ పట్టుకుంటుంది.
ఆవిడకీ తగ్గాలని ఉంది.
పొద్దున రిపోర్టులో "స్వల్ప తేడా" ఉంది.
భోజనాలయ్యాక అది "గమనించదగ్గ ధోరణి" అయింది.
సాయంత్రం, దీపాలు వేసే వేళకి, "ఆశాజనకం".
అంకె ఒక్కటీ కదల్లేదు.
నెల తిరక్కుండా పేపర్లో
"మోకాళ్ళ నొప్పులకు చెక్!"

చీటీలు విప్పాక ఇంకోటి తెలిసింది.
నాగూరమ్మది సుద్ద మాత్ర.
నా టిక్కు మందుకి సాయపడలేదు,
దాని కాలే లాగింది.
నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.
నాలాంటి టిక్కులు
అటెన్ని, ఇటెన్ని?
తిరునారాయణన్‌ని అడిగితే
కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఆదివారం ఫారం లేకుండా వెళ్ళాను.
"మోకాలు ఎట్టుంది?"
చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆగలేదు.
"తెల్లారి మూడింటికి గోడ పట్టుకోని లేస్తా.
పది అడుగులేసినాక అది నా మాట వింటాది.
వానొచ్చే ముందురోజు రేడియో కంటే ముందే చెప్తాది.
మనవరాలు ఎక్కి కూసుంటే నొప్పి లేదు,
దిగినాక ఉంటాది. అది ఏ లెక్క?"

నాకు తెలియదన్నాను.

రెండో విడత మంజూరైంది.
ప్రశ్నలు మళ్ళీ తెలుగు చెయ్యమని నాకే ఇచ్చారు.
ఆ మెట్టు మీదే, పెన్సిల్‌తో.
"రాత్రి నిద్ర బాగా పడుతోందా?"
బాగా కొట్టేశాను.
దీర్ఘం దగ్గర ఆగాను.

"నీళ్ళు తెస్తానుండు," అని లేచింది.
మోకాలు టక్కుమంది.